పాత వాచీ డయల్‌కు రంగు వేసే ముందు

వాచీలు రిపేరు చేసే పెద్దలకు, పాత వాచీలు కొని అమ్మే వ్యాపారులకు నమస్కారం.

మిమ్మల్ని ఒక్కటి అడగాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. పాత కీ వాచీ ఏదైనా మీ బల్ల మీదికి వచ్చినప్పుడు, డయల్ పసుపెక్కిందనో గోధుమరంగుకు తిరిగిందనో చుక్కలు పడ్డాయనో దానికి రంగు వేయించకండి. ముందు వాచీ తెచ్చినవాళ్లను అడగండి. అడిగేటప్పుడు కూడా "కొత్తదానిలా చేసిస్తాం" అని ఊరుకోకుండా, ఒకసారి గోకేస్తే పాత డయల్ మళ్లీ రాదన్న సంగతి చెప్పండి. అది విన్నాక కూడా వాళ్లు రంగే కావాలంటే వాళ్ల ఇష్టం.

మీ పనిని తక్కువ చేయడానికి ఇది రాయడం లేదు. మన ఊళ్లలో కీ వాచీలు ఈరోజుకీ తిరుగుతున్నాయంటే మీ వల్లే. విడిభాగాలు దొరకని కాలంలో ఒక చచ్చిన వాచీలోంచి చక్రం తీసి ఇంకోదానికి ప్రాణం పోసింది మీరే. క్వార్ట్జ్ వాచీలు వచ్చి, వాటి వెనకే సెల్‌ఫోన్లు వచ్చి గిరాకీ పడిపోయినా, కంటికి భూతద్దం బిగించుకుని అదే చిన్న గాజు పెట్టె వెనక కూర్చున్నారు. కాబట్టి చెబితే మీకే చెప్పాలి. పాత డయల్ మిగిలితే మీ చేతిలో మిగులుతుంది, పోతే మీ చేతిలోనే పోతుంది.

వాచీలో అరిగేవి, విరిగేవి చాలా ఉంటాయి. మెయిన్ స్ప్రింగ్ తెగుతుంది, కీ అరుగుతుంది, మిషన్‌లో నూనె ఎండి జిగురవుతుంది, అద్దం గీతలు పడి మసకబారుతుంది. వీటిని మార్చాల్సిందే. హెచ్ఎంటీ కంపెనీ జనతా మోడల్ వాచీ మిషన్‌లో పోయిన చక్రాన్ని ఇంకో జనతా నుంచి తీసి వేస్తే వాచీకి ఏ లోటూ రాదు. డయల్ సంగతి అలా కాదు. ఒకే వారంలో ఒకే ఫ్యాక్టరీలోంచి బయటికొచ్చిన రెండు వాచీల డయళ్లు మొదటిరోజు ఒకేలా ఉంటాయి. ఒకటి రెంటచింతల ఎండలో పొలం గట్ల మీద తిరిగి, రెండోది భీమిలి ఉప్పుగాలిలో గడిపితే, నలభై ఏళ్ల తర్వాత వాటిని పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి మీగడ రంగుకు తిరిగి ఉంటుంది, ఇంకోదానికి అంచుల చుట్టూ సన్నని గోధుమ వలయం పట్టి ఉంటుంది. ఆ రంగును ఏ కంపెనీ తయారు చేయలేదు. ఆ మనిషి, ఆ ఊరు, ఆ వాతావరణం కలిసి తెచ్చిన రంగు అది. అలాంటిది ప్రపంచంలో ఇంకొకటి ఉండదు.

రంగు ఎందుకు మారుతుందో మీకు నాకంటే బాగా తెలిసి ఉండొచ్చు. అయినా ఈ ఉత్తరం చదివే మామూలువాళ్ల కోసం చెబుతాను. ఎక్కువ డయళ్లకు అడుగున ఉండేది పల్చటి ఇత్తడి రేకు. దాని మీద వెండి పూతో, రంగో వేస్తారు. కంపెనీ పేరు, అంకెలు, నిమిషాల గీతలు అచ్చు వేస్తారు. చాలావాటికి వీటిని కాపాడటానికి పారదర్శకమైన లక్క పూత కూడా ఉంటుంది. ఇన్ని పొరల్లో ఒక్కో పొర ఒక్కోలా ముసలిదవుతుంది. లక్క వెలుతురుకు పసుపెక్కుతుంది. పూత పల్చగా ఉన్నచోట గాలి సోకి వెండి నల్లబడుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు రంగు వెలిసిపోతుంది. నీళ్లు చొరబడకుండా గట్టి సీలు లేని కేసుల్లోకి మన చెమట, వానాకాలపు తేమ నెమ్మదిగా దిగుతాయి.

ఇలా మారిన డయళ్లలో అన్నిటికంటే పేరు పొందినవి స్విస్ వాచీలు. 1950లు, 60లలో తయారైన కొన్ని రోలెక్స్ సబ్‌మెరీనర్, జీఎంటీ మాస్టర్ వాచీల నల్ల డయళ్లు, ఒమేగా స్పీడ్‌మాస్టర్ డయళ్లు ఎండకు, వేడికి కాఫీ గింజ రంగులోకి తిరిగాయి. వీటిని ట్రాపికల్ డయళ్లు అంటారు. అప్పటి నల్లరంగు మిశ్రమంలో, పైపూతలో ఉన్న లోపం వల్లే అలా జరిగింది. కంపెనీలు కూడా దాన్ని లోపంగానే చూసేవి. సర్వీసింగ్‌కు వచ్చిన వాచీల నుంచి ఆ డయళ్లు తీసేసి కొత్తవి బిగించిన రోజులున్నాయి. ఇప్పుడు సేకర్తలు ఆ గోధుమ డయళ్ల కోసమే వెతుకుతున్నారు. నల్లగా మిగిలినదాని కంటే ఒకే తీరుగా, అందంగా గోధుమరంగుకు తిరిగినదానికి వేలంలో ఎక్కువ ధర పలకడం మామూలైంది.

ఇంకో ఉదాహరణ ఈమధ్య కాలానిదే. 1990ల మధ్యలో తయారైన కొన్ని రోలెక్స్ డేటోనా వాచీల్లో, పెద్ద డయల్ లోపలుండే చిన్న డయళ్ల చుట్టూ ఉండే వెండి వలయాలు మెల్లగా గోధుమరంగుకు తిరగడం మొదలైంది. పైపూత వెండిని గాలి నుంచి సరిగ్గా కాపాడలేకపోయింది. ఓస్వాల్డో పాత్రిజ్జి అనే వేలం నిర్వాహకుడు 2005 ప్రాంతంలో దీన్ని గమనించాడు. ఇప్పుడు వాటిని ఆయన పేరుతోనే పాత్రిజ్జి డయళ్లు అంటున్నారు. ఫ్యాక్టరీలో జరిగిన చిన్న పొరపాటు ఇరవై ఏళ్లు తిరక్కుండానే వెతికి కొనే వస్తువైంది.

ఇవన్నీ లక్షలు, కోట్లు పలికే వాచీలు కదా, మా బల్ల మీదికి వచ్చే జనతాకూ సోనాకూ వీటితో ఏం పని అని మీరు అడగవచ్చు. అసలు పని అక్కడే ఉందని నా నమ్మకం.

హెచ్ఎంటీ సంస్థ 1953లో బెంగళూరులో పుట్టింది. జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో 1961లో అక్కడే వాచీల తయారీ మొదలుపెట్టింది. ఆ తర్వాత తుమకూరు, శ్రీనగర్, రాణీబాగ్‌లలో కూడా ఫ్యాక్టరీలు వచ్చాయి. మన హైదరాబాద్‌లోనూ హెచ్ఎంటీ వచ్చింది, కానీ అక్కడ చేసింది వాచీలు కాదు, యంత్ర పరికరాలు. ఆ పేరుతో కాలనీలు ఇప్పటికీ నగరంలో ఉన్నాయి. వాచీల విభాగాన్ని మూసేయడానికి 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. 1970ల నాటి జనతా డయల్, పైలట్ డయల్ ఆనాటి అచ్చుతో ఇక రావు. ఉన్నవే ఉంటాయి. వాటిలో ఒకదానికి రంగు వేసిన ప్రతిసారీ లెక్కలోంచి ఒకటి తగ్గిపోతుంది.

ఇక మన ఇళ్లలో ఈ వాచీకి ఉన్న చోటు వేరు. పెళ్లిలో అల్లుడికి వాచీ పెట్టడం మనకు ఆనవాయితీ. సైకిల్, రేడియో, వాచీ అడిగిన తరంలో ఆ వాచీ చాలాసార్లు హెచ్ఎంటీయే. ఉద్యోగంలో చేరినప్పుడు మొదటి జీతంతో కొన్నవాళ్లు ఉన్నారు. కొడుకు పదో తరగతి పాసైతే తన చేతిది తీసి అతని చేతికి పెట్టిన తండ్రులు ఉన్నారు. ఈ వాచీల ధర బజార్లో ఎంత అన్నది వేరే సంగతి. ఆ ఇంట్లో దాని విలువ, ఆ మనిషి చేతి మీద అది ఎలా ముసలిదైందో అందులోనే ఉంది. అమ్మమ్మ పేరు చెక్కిన ఇత్తడి బిందెను, మెరుపు కోసం పేరు అరగదీయించి తెచ్చుకునే ఇల్లు ఉండదు కదా. వాచీ డయల్‌ను కూడా ఆ కంటితోనే చూడమంటున్నాను.

మా మేనమామ వాచీ సంగతి చెబుతాను. పెళ్లిలో మామగారు పెట్టిన కీ వాచీ అది. తెల్ల డయల్ పసుపెక్కి, ఆరు అంకె దగ్గర కొంచెం చిక్కబడి ఉండేది. ఆయన పోయాక ఆయన కొడుకు, అంటే మా బావ, సర్వీసింగ్ చేయించి తాను పెట్టుకుందామని ఒక షాపులో ఇచ్చాడు. డయల్ గురించి వాళ్లు అడగలేదు, ఇతనూ చెప్పలేదు. తిరిగి వచ్చేసరికి ముదురు నీలం డయల్, ఎర్రటి సెకన్ల ముల్లు. కంపెనీ పేరు తప్ప ఏదీ పాతది కాదు, ఆ పేరు కూడా లావుపాటి అక్షరాలతో వంకరగా ఉంది. పాత డయల్ ఏదని అడిగితే, దాన్ని గోకి దాని మీదే వేశామన్నారు. షాపువాళ్లు మోసం చేయలేదు. మేలు చేశామనే అనుకున్నారు, దానికి అదనంగా డబ్బులు కూడా తీసుకోలేదు. అందుకే ఆ షాపు మీద నాకు కోపం లేదు. కానీ మా అత్తయ్య ఆ వాచీని చేతిలోకి తీసుకుని "ఇది మీ మావయ్యది కాదురా" అంది. మిషన్ అదే, కేసు అదే, వెనక మూత మీద గీతలు కూడా అవే. అయినా ఆమె అన్నది నిజం.

ఇలాంటివి ఒకటీ రెండూ కాదు. ఏ పాత సామాన్ల సంతలోనైనా, ఎర్రగడ్డ ఆదివారం బజారు నుంచి ఇంటర్నెట్ అమ్మకాల దాకా, రంగు వేసిన డయళ్లదే రాజ్యం. ఒకప్పుడు మన దేశంలో బాగా కనిపించిన ఫావ్రే ల్యూబా సీ చీఫ్, వెస్ట్ ఎండ్, క్యామీ లాంటి స్విస్ వాచీలు ఇప్పుడు నారింజ, చిలకపచ్చ, ఊదా రంగుల్లో వస్తున్నాయి. చాలావరకు ఆ కంపెనీలు ఆ మోడళ్లలో వేయని రంగులవి. విదేశీ సేకర్తలు ఇలాంటివాటికి బొంబాయి పేరు తగిలించి, ఇండియా నుంచి వచ్చే పాత వాచీ అంటేనే అనుమానంగా చూస్తున్నారు. నిజాయితీగా ఒరిజినల్ డయల్ వాచీ అమ్ముకునే మీలాంటివాళ్లకు కూడా ఆ చెడ్డపేరు తగులుతోంది. ఒక పాత వాచీ విలువలో పెద్ద భాగం డయల్‌దే అని సేకర్తలు ఎప్పటినుంచో అంటున్నారు. అంటే రంగు వేయించడానికి మీరు పెట్టే డబ్బు, వాచీ ధరను తగ్గించుకోవడానికి పెడుతున్న డబ్బు.

అయితే పాతబడిన ప్రతి డయల్ అందమైనదే అని నేను అనను. రంగు నిదానంగా, సమానంగా మారడం వేరు, నీళ్లు దిగి పాడైపోవడం వేరు. తేమకు రంగు బుడగలు లేచి పెచ్చులూడిపోతుంటే, అడుగున ఇత్తడికి పచ్చటి చిలుము పడుతుంటే, ఆ రాలిన పొడి మిషన్‌లోకి పోయి చక్రాలకు అడ్డం పడుతుంటే దాన్ని అలా వదలకూడదు. అంకెలు చెరిగిపోయి టైమే కనిపించకపోతే, రోజూ పెట్టుకోవాలనుకునే మనిషికి వేరే డయల్ కావాల్సిందే. అప్పుడు కూడా ఒక దారి ఉంది. దొరికితే అదే మోడల్‌ది ఇంకో ఒరిజినల్ డయల్ బిగించండి. పాతదాన్ని గోకకుండా చిన్న కవర్లో వేసి వాచీతోపాటు ఇచ్చేయండి. చెల్లెలికో మనవడికో అది ఎప్పుడైనా కావలసి రావచ్చు.

అలాగే మరక ఉంది కదా అని ధర పెంచేయడం కూడా తప్పే. జనతా డయల్ మీద నాలుగు తుప్పు చుక్కలుంటే అది ట్రాపికల్ అయిపోదు. ఈమధ్య అమ్మకాల ప్రకటనల్లో ఆ మాట మరీ ఎక్కువగా కనిపిస్తోంది. డబ్బు వాసన తగిలినచోట మోసం కూడా వస్తుంది. 2021 నవంబరులో జెనీవాలో ఫిలిప్స్ వేలంలో, 1957 నాటిదని చెప్పిన గోధుమ డయల్ ఒమేగా స్పీడ్‌మాస్టర్ 31 లక్షల స్విస్ ఫ్రాంకులకు పైగా పలికింది. ఒమేగా వాచీల్లో అప్పటికి అదే రికార్డు. 2023లో ఒమేగా కంపెనీయే ఆ వాచీ మీద విచారణ జరిపి, వేర్వేరు వాచీల భాగాలు తెచ్చి కూర్చినదని ప్రకటించింది. అంత పెద్ద వేలంలోనే అలా జరిగితే, సంతలో వాచీ కొనే మామూలు మనిషికి దిక్కెవరు? డయళ్లను టీ నీళ్లలో నానబెట్టి, ఓవెన్‌లో కాల్చి పాతబరిచేవాళ్లు ఉన్నారు. కొత్త రంగు వేసి కొత్తదని చెప్పడం ఎంత అబద్ధమో, కాల్చి పాతదని చెప్పడమూ అంతే అబద్ధం.

రేడియం గురించి తప్పకుండా చెప్పాలి. ఇది మీ ఒంటికి సంబంధించిన విషయం.

చీకట్లో మెరవడానికి 1960ల దాకా చాలా స్విస్ వాచీల అంకెలకు, ముళ్లకు రేడియం అనే రేడియోధార్మిక పదార్థం కలిపిన రంగు వేసేవారు. ఇప్పుడు అవి మెరవవు కాబట్టి ఏమీ లేదనుకుంటాం. మెరుపు పోవడానికి కారణం, రేడియం తాకిడికి వెలుగునిచ్చే జింక్ సల్ఫైడ్ దెబ్బతినడమే. రేడియం అక్కడే ఉంటుంది. దాని శక్తి సగానికి తగ్గడానికే 1600 ఏళ్లు పడుతుంది. అమెరికాలో న్యూజెర్సీలోని ఆరెంజ్ అనే ఊళ్లో 1917 నుంచి డయళ్లకు ఆ రంగు వేసిన ఆడపిల్లలు, కుంచె మొన సన్నబడటానికి పెదాలతో తడుపుకునేవారు. దవడ ఎముకలు కుళ్లి, రక్తం పాడై ఎంతోమంది చనిపోయారు. మీరు కుంచె నోట్లో పెట్టుకోరు. కానీ పాత డయల్‌ను బ్లేడుతో గోకినప్పుడు లేచే పొడి గాలిలో కలిసి మీ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మీ బల్ల మీద, మీ వేళ్ల మీద, మీరు తినే టిఫిన్ మీద పడుతుంది. వాచీ మూసి ఉన్నంతసేపు అద్దం, కేసు చాలావరకు అడ్డుపడతాయి. తెరిచి గోకడమే ప్రమాదం. అంకెల మీద లేత పసుపో గోధుమో రంగు ముద్దలు ఉండి, డయల్ అడుగున టీ అనే ఇంగ్లీషు అక్షరం లేకపోతే దాన్ని రేడియం కిందే లెక్క వేసుకోండి. ఆ అక్షరం ఉంటే ట్రిటియం. రేడియం తర్వాత 1960లలో వచ్చిన ట్రిటియం శక్తి 12 ఏళ్లకు కాస్త పైన సగానికి తగ్గిపోతుంది, కాబట్టి అంత భయం లేదు. డయళ్లకు రంగు వేసే పని నేర్చుకుంటున్న కుర్రాళ్లు మీ దగ్గర ఉంటే, కనీసం వాళ్ల కోసమైనా ఈ గోకడం ఆపండి.

రేడియం డయళ్లలో ఒక వింత ఉంటుంది. ఏళ్ల తరబడి బీరువాలో ఆగిపోయి పడి ఉన్న వాచీని తెరిచి ముళ్లు పక్కకు తిప్పితే, అవి ఉన్నచోట డయల్ మీద కాలిన నీడ కనిపిస్తుంది. ముల్లుకు పూసిన రేడియం కింది రంగును అన్నేళ్లూ కాల్చుతూ ఉంటుంది. ఆ వాచీ ఏ వేళకు ఆగిందో డయల్ మీదే రాసి ఉన్నట్టు తెలుస్తుంది. దాని యజమాని ఎవరో, ఎందుకు పక్కన పెట్టాడో మనకు తెలియదు. అయినా ఆ నీడను గోకేసే హక్కు మనకు ఉందని నేను అనుకోను.

ఇక మీరు రోజూ చేసే పనిలో నాలుగు మాటలు. మిషన్ కడిగిన పెట్రోలు చేత్తో డయల్ ముట్టుకోకండి. స్పిరిట్‌తో, నీళ్లతో తుడవకండి. లక్క కరిగితే అచ్చు అక్షరాలు దూదికి అంటుకుని వచ్చేస్తాయి. ధూళి ఉంటే రబ్బరు బుడ్డితో గాలి ఊదడం చాలు. చాలాసార్లు డయల్ మురికిగా కనిపించేది దాని తప్పు వల్ల కాదు, పైనున్న ప్లాస్టిక్ అద్దం పసుపెక్కి గీతలు పడటం వల్ల. కొత్త అద్దం బిగించి చూపిస్తే, రంగు వేయమని వచ్చినవాళ్లలో సగం మంది డయల్ అలాగే ఉండనివ్వమంటారని నా నమ్మకం. ముళ్లు మార్చాల్సి వస్తే అంకెల మీది పసుపుకు సరిపోయే పాత ముళ్లనే వెతకండి. పాత అంకెల మీద తెల్లగా మెరిసే కొత్త ముళ్లు చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది.

ఆన్‌లైన్‌లో అమ్మే మిత్రులకు విడిగా చెప్పాలి. రంగు వేసిన డయల్ వాచీ అమ్మడం నేరం కాదు. కొత్త రంగులు నచ్చి కొనేవాళ్లు ఉన్నారు, వాళ్లకు అమ్మండి. కానీ ప్రకటనలో "డయల్‌కు మళ్లీ రంగు వేశారు" అని ఒక్క వాక్యం రాయండి. వాడని పాత స్టాకు అని, ఫ్యాక్టరీ ఒరిజినల్ అని రాయకండి. అద్దం తీసి, డయల్ దగ్గరగా కనిపించేలా ఫొటో పెట్టండి. నిమిషాల గీతలు అంకెలకు సరిగ్గా కుదిరాయా, కంపెనీ పేరులో అక్షరాల అంచులు పదునుగా ఉన్నాయా, అడుగున సన్న అక్షరాలు చదవడానికి వస్తున్నాయా అన్నది కొనేవాళ్లు చూసుకోగలగాలి. మొదటిసారి పాత వాచీ కొని, అది రంగు వేసినదని తర్వాత తెలుసుకున్న కుర్రవాడు రెండోది కొనడానికి రాడు. మీ వ్యాపారానికి అతనే రేపటి గిరాకీ.

మీ రసీదు పుస్తకం ఈసారి అచ్చు వేయించేటప్పుడు, మెషిన్ సర్వీసింగ్, అద్దం, బెల్టు అనే వరసలో ఇంకో రెండు గళ్లు చేర్చమని నా అభ్యర్థన. ఒకటి, "డయల్ ముట్టుకోవాలా, వద్దా". రెండోది, "తీసిన పాత భాగాలు తిరిగి ఇచ్చాం". వాచీ తీసుకునేటప్పుడు ఆ గళ్లలో టిక్కు పెట్టి కస్టమర్ చేత సంతకం చేయించుకోండి. ఏ ఊళ్లోనైనా ఒక షాపు ఈ పని మొదలుపెడితే, నా దగ్గరున్న పాత వాచీలన్నీ ఇకపై సర్వీసింగ్‌కు అక్కడికే పంపిస్తాను. నాకు తెలిసినవాళ్లందరికీ ఆ షాపు పేరే చెబుతాను.

ఇట్లు,
పాత కీ వాచీలు పెట్టుకునే మీ కస్టమర్